ఫోన్ జీపీఎస్‌ని ట్యాబ్‌లకు పంచితే ఏమైంది: జనగామ చెరువుల సర్వే, ఒక కేస్ స్టడీ

"ట్యాబ్‌లు కొనేశాం సార్. ఫారం కూడా రెడీ. మీరొచ్చి మా పిల్లలకు ఒక్క పూట ట్రైనింగ్ ఇస్తే చాలు." ఏప్రిల్ చివర్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చిన ఫోన్ ఇది. నేను మ్యాపుల పనిలో ఉన్నన్నాళ్లలో ఒక్క పూట అని మొదలైన పని ఏదీ ఒక్క పూటలో తెమిలినట్టు గుర్తు లేదు. ఇదీ అంతే, జూన్ దాకా సాగింది.

పని మాత్రం మంచిది. జనగామ జిల్లాలో కొన్ని ఊళ్ల చెరువులు తిరగాలి. కట్ట ఎంత పొడవుంది, తూములెన్ని, వాటిలో పనిచేసేవెన్ని, అలుగు ఎక్కడ దుంకుతుంది, ఆ నీళ్లు కింద ఏ చెరువులోకి పోతాయి, నీళ్లొచ్చే కాలువ ఎక్కడ పూడిపోయింది, ఇవన్నీ మ్యాపు మీదకి ఎక్కించాలి. అక్కడివి గొలుసుకట్టు చెరువులు. పైదాని అలుగు పారితేనే కిందిది నిండుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రమంతటా 46 వేలకు పైగా చెరువులు లెక్కకొచ్చాయి. ఆ తర్వాత ఏ చెరువు ఏ స్థితిలో ఉందో ఊరివాళ్ల దగ్గరే ఒక రికార్డు ఉండాలని ఈ సంస్థ ఆలోచన. ఎండాకాలమే ఎందుకంటే, నీళ్లు ఇంకిపోతే గానీ తూము లోపలి నోరు కనపడదు. వానలు పడేలోపు అయిపోవాలి.

ఆరు ట్యాబ్‌లు. పది అంగుళాల తెర, కొత్తవి, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. జనగామలో వాళ్ల ఆఫీసులో మ్యాపు తెరిస్తే నీలి చుక్క సరిగ్గా ఆఫీసు మీదే పడింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను కూడా. అక్కడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

మర్నాడు పొద్దున ఊరి బయట చెరువు కట్ట ఎక్కాక, సర్వేకి వచ్చిన కుర్రాడు ట్యాబ్ నా ముందు పెట్టాడు. "సార్, ఇది మనం ఇంకా ఆఫీసులనే ఉన్నమంటున్నది."

ఆ ట్యాబ్‌లు వైఫై మోడల్. సిమ్ లేదు, జీపీఎస్ చిప్ కూడా లేదు. ఆఫీసులో చుక్క సరిగ్గా పడిందంటే, చుట్టుపక్కల వైఫై రూటర్లను గుర్తుపట్టి వాటిని బట్టి స్థానం ఊహించిందన్నమాట. చెరువు కట్ట మీద రూటర్లెక్కడివి? చివరిసారి తెలిసిన చోటునే పట్టుకుని కూర్చుంది. సిమ్ లేని ట్యాబ్‌లన్నిటికీ ఈ లోపం ఉంటుందని కాదు, కొన్ని ఆండ్రాయిడ్ వైఫై ట్యాబ్‌లలో చిప్ పెడతారు. ఐప్యాడ్‌లలోనైతే సిమ్ మోడల్స్‌కే జీపీఎస్ ఉంటుంది, ఉత్త వైఫై మోడల్స్‌కి ఉండదు. కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో ఆ ఒక్క వరుస చూసుకోవాలి. వీళ్లు చూడలేదు. సెట్టింగ్స్‌లో "లొకేషన్" అని ఉంది కదా, ఉంటుందనుకున్నారు. వాళ్లను అనడానికి నాకు నోరు లేదు, ముందు రోజు నేను చూసినా తెలిసేది.

ఏం చేద్దామన్నది ఆ కట్ట మీదే, తుమ్మచెట్టు నీడలో నిలబడి మాట్లాడుకున్నాం. ట్యాబ్‌లు వాపసు తీసుకోరు. బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్లు ఆరు కొనాలంటే డబ్బూ లేదు, వచ్చేదాకా ఆగే టైమూ లేదు. సర్వే మొత్తం ఫోన్లలోనే చేస్తే? ఫారంలో నలభై దాకా ప్రశ్నలున్నాయి. పైగా మే ఎండలో పగిలిన గ్లాసున్న చిన్న తెర మీద వేలితో కట్ట గీత గీయమంటే ఎవరికైనా విసుగొస్తుంది. ఇక మిగిలింది ఒకటే. ప్రతి ఒక్కరి జేబులో ఉన్న ఫోన్‌లో మంచి జీపీఎస్ ఉంది. దాన్నే ట్యాబ్‌కి అందిద్దాం.

పంచేది ఏమిటి

చాలామంది "జీపీఎస్ సిగ్నల్ షేర్ చేయడం" అంటారు. నిజానికి సిగ్నల్‌ని ఎవరూ షేర్ చేయరు. ఉపగ్రహాల సిగ్నల్ ఫోన్ యాంటెన్నా దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ దాంతో లెక్క కట్టి "నేను ఫలానా చోట, ఫలానా క్షణంలో ఉన్నాను" అని ఒక జవాబు రాసుకుంటుంది. మనం పంపేది ఆ జవాబుని. ఈ తేడా మాటల్లో చిన్నదే, కానీ ఆ తర్వాత మాకు ఎదురైన తప్పుల్లో సగం దీన్ని మర్చిపోవడం వల్లే వచ్చాయి.

ఆ జవాబు రాసే భాష పేరు ఎన్‌ఎంఈఏ 0183. అమెరికాలో పడవల ఎలక్ట్రానిక్స్ వాళ్ల సంఘం 1983లో పెట్టిన పద్ధతి. పడవ మీద జీపీఎస్ చెప్పింది ఆటోపైలట్‌కీ, చార్టు తెరకీ అర్థం కావాలని పుట్టింది. నలభై ఏళ్లయినా చావలేదు, ఎందుకంటే అది మామూలు అక్షరాల వరుస, కామాలతో విడదీసి ఉంటుంది. మొదట డాలర్ గుర్తు, తర్వాత వాక్యం పేరు, చివర నక్షత్రం గుర్తు, దాని వెనక తప్పుల్ని పట్టుకునే రెండు అక్షరాలు. స్థానం, ఎత్తు చెప్పే వాక్యం పేరు జీజీఏ. మా కట్ట మీద వచ్చిన ఒక జీజీఏ వాక్యంలో అంకెలు వరుసగా ఇలా ఉన్నాయి:

041512.00, 1743.5120, ఉత్తరం, 07910.8140, తూర్పు, 1, 14, 0.8, 381.2, మీటర్లు, -75.1, మీటర్లు.

మొదటిది టైము, గ్రీనిచ్ లెక్కలో 4 గంటల 15 నిమిషాల 12 సెకన్లు. అయిదున్నర గంటలు కలిపితే మన 9:45. తర్వాత అక్షాంశం, రేఖాంశం. ఆపైన 1 అంటే స్థానం దొరికింది, 0 వస్తే దొరకలేదు. 14 ఉపగ్రహాలు వాడింది. 0.8 సంగతి, చివర్లో ఉన్న ఎత్తు సంగతి తర్వాత చెప్తాను, ఆ రెండూ మమ్మల్ని బాగా తిప్పలు పెట్టాయి.

అక్షాంశం రాసే తీరు దగ్గర నేనే బోల్తా పడ్డాను. 1743.5120 అంటే 17.435 డిగ్రీలు కాదు. 17 డిగ్రీల 43.5120 నిమిషాలు. నిమిషాల్ని 60తో భాగిస్తే 17.7252 డిగ్రీలు వస్తుంది. చూసుకోవడానికని రాత్రి లాడ్జిలో కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. నిద్రమత్తులో చుక్క జరిపి ఊరుకున్నాను. పొద్దున చూస్తే మా చెరువు 30 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఎవరి పొలంలోనో తేలింది. పెద్ద తప్పుకి ఒక సుగుణం ఉంది, వెంటనే కనపడుతుంది. నన్ను భయపెట్టినవి ఐదూ పది మీటర్ల తప్పులు.

కట్టిన ఏర్పాటు

రెండు దారులున్నాయి. మొదటిది, ట్యాబ్‌లో ఒక రిసీవర్ యాప్ పెట్టి, డెవలపర్ ఆప్షన్లలో దాన్ని "మాక్ లొకేషన్" యాప్‌గా ఎంచుకోవడం. అప్పుడు ఫోన్ నుంచి వచ్చిన స్థానాన్ని ట్యాబ్ తన సొంత స్థానంగా అన్ని యాప్‌లకూ చెప్తుంది. రెండోది, సర్వే యాప్‌కే నేరుగా ఎన్‌ఎంఈఏ వాక్యాలు అందించడం. మేం వాడింది క్యూఫీల్డ్, ఉచితం. బయటి రిసీవర్‌ని బ్లూటూత్ మీదా, నెట్‌వర్క్ మీదా తీసుకోవడం దానికి వచ్చు.

తొందరలో మొదటి దారే పట్టాం, రెండో రోజుకే వదిలేశాం. ఒక కారణం, చుక్క గెంతడం. ఊళ్లోకి రాగానే ట్యాబ్‌కి ఏదో ఇంటి వైఫై కనిపిస్తుంది, దాని సొంత ఊహ మధ్యలో దూరుతుంది, చుక్క ఒకసారి మాతో, ఒకసారి కిరాణా కొట్టు దగ్గర. వైఫై స్కానింగ్ ఆపేస్తే కొంత తగ్గింది. రెండో కారణం ఇంకా మొండిది. ఆ సంస్థ వాళ్ల హాజరు యాప్ కూడా ట్యాబ్‌లోనే ఉంది. మాక్ లొకేషన్ ఆన్‌లో ఉంటే అది తెరుచుకోదు. దొంగ హాజరు వేసేవాళ్లు వాడే ఉపాయం కూడా ఇదే మరి, ఆ యాప్ తప్పేం లేదు.

కాబట్టి రెండో దారి. ఒక జట్టుకి ఒక ఫోన్, రెండు ట్యాబ్‌లు. మొత్తం మూడు జట్లు. ఒక ట్యాబ్‌లో కట్ట, కాలువ గీతలు గీస్తారు, రెండోదాంట్లో తూములు, అలుగులు, ఫొటోలు. బ్లూటూత్ వాడొచ్చు కానీ ఒక ఫోన్ నుంచి ఒకేసారి రెండు ట్యాబ్‌లకి నిలకడగా పోవడం మాకు కుదరలేదు. అందుకని ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, వాక్యాలు పంపే యాప్ నడిపి, ట్యాబ్‌లను ఆ హాట్‌స్పాట్‌కి కలిపాం. వాక్యాలు ఏ తలుపు గుండా పోవాలో చెప్పే అంకె, అంటే పోర్ట్, 10110 పెట్టుకున్నాం. ఎన్‌ఎంఈఏ 0183కి అధికారికంగా కేటాయించిన పోర్ట్ అది. వేరేది పెట్టినా పనిచేస్తుంది గానీ, అందరికీ ఒకటే అయితే ఫోన్లో చెప్పడం తేలిక.

అడ్రస్ దగ్గర కాసేపు తికమక. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ అడ్రస్ ఎప్పుడూ 192.168.43.1. నేను అదే అలవాటుగా అందరికీ రాసిచ్చాను. కొత్త ఫోన్లలో అది మారుతూ ఉంటుంది. ఐఫోన్‌లో అయితే 172.20.10.1. చివరికి పిల్లలకు చెప్పింది ఒకటే: ట్యాబ్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి "గేట్‌వే" దగ్గర ఏముంటే అదే ఫోన్ అడ్రస్. రోజూ పొద్దున చూసుకోండి.

ఇంకో సందేహం అందరికీ వచ్చేది: "అక్కడ సిగ్నల్ ఉండదు సార్, ఎట్ల?" హాట్‌స్పాట్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్‌కీ ట్యాబ్‌కీ మధ్య దారి ఉంటే చాలు, డేటా అయిపోయినా, టవరు లేకపోయినా వాక్యాలు పోతాయి. కాకపోతే ట్యాబ్ "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు" అని గొణుగుతుంది, కలిసే ఉండమని ఒకసారి చెప్పాలి. చెప్పకపోతే ఊళ్లోకి రాగానే ఇంకో తెలిసిన వైఫైకి జారుకుంటుంది. టవరు లేని చోట పొద్దున్నే మొదటిసారి స్థానం పట్టడం మాత్రం ఆలస్యమవుతుంది. మామూలుగా ఉపగ్రహాల కక్ష్య వివరాలు ఫోన్‌కి ఇంటర్నెట్‌లోంచి అందుతాయి. అవి లేకపోతే ఉపగ్రహం నుంచే దింపుకోవాలి. అది సెకనుకి 50 బిట్ల వేగంతో వస్తుంది, ఒక ఉపగ్రహం తన కక్ష్య సంగతి ఒకసారి పూర్తిగా చెప్పడానికి అర నిమిషం. అందుకే టీ తాగే చోటే, టవరు ఉన్నప్పుడే జీపీఎస్ ఆన్ చేసుకుని కట్ట మీదకి రమ్మన్నాం.

తొమ్మిది బిందువులు ఒకే చోట

మూడో రోజు సాయంత్రం డేటా తెరిస్తే ఒక జట్టువాళ్ల బిందువులు తొమ్మిది ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. తూము, కుంగిన చోటు, పగిలిన రాతి కట్టు, అలుగు, అన్నీ ఒకే చోట. ఆ కట్ట అర కిలోమీటరుకు పైనే ఉంటుంది. "తిరిగినం సార్, కాళ్లు నొస్తున్నయ్" అని అమ్మాయి చెప్పింది. ఫొటోలు చూస్తే నిజమే, తొమ్మిది వేర్వేరు చోట్లు. ట్యాబ్‌లో పొద్దుట్నుంచీ పచ్చ గుర్తే ఉందట, లింకు ఎక్కడా తెగలేదట.

లింకు తెగకపోవడమే సమస్య. ఫోన్ జేబులో ఉంది, తెర ఆరిపోయింది. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు ఆ యాప్‌కి కొత్త స్థానాలు ఇవ్వడం ఆపేసింది. యాప్ మాత్రం బుద్ధిగా తన దగ్గరున్న చివరి వాక్యాన్నే సెకనుకోసారి పంపుతూ పోయింది. ట్యాబ్‌కి వాక్యాలు అందుతున్నాయి, చివరి రెండు అక్షరాల చెక్‌సమ్ సరిపోతోంది, స్థానం "దొరికింది" అనే ఉంది. అది ఎందుకు అనుమానిస్తుంది? వాక్యంలోని టైము మాత్రం 10:22 దగ్గర ఆగిపోయి ఉంది. దాన్నెవరూ చూడలేదు, మేం ఫారంలో అడగలేదు కూడా.

సెట్టింగ్స్ సరిచేయడం తేలికే. ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయాలి, లొకేషన్ అనుమతి "ఎప్పుడూ" అని ఇవ్వాలి, నోటిఫికేషన్ బార్‌లో దాని గుర్తు కనిపిస్తూ ఉండాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇవన్నీ చేశాక కూడా వాళ్ల సొంత "క్లీనర్" ఒకటి వచ్చి చంపేస్తుంది, దాన్నుంచి కూడా మినహాయించాలి. కానీ సెట్టింగ్స్ మీద నమ్మకం పెట్టుకుని మళ్లీ మోసపోదల్చుకోలేదు. ఫారంలో కనపడకుండా రెండు గడులు కలిపాను: వాక్యం చెప్పిన టైము, ట్యాబ్ గడియారం టైము. రెండిటికీ తేడా 3 సెకన్లు దాటితే బిందువు సేవ్ కాదు, ఎర్ర గీత వస్తుంది. దీనికో చిక్కు ఉంది, సిమ్ లేని ట్యాబ్ గడియారం తనంతట తాను కొంచెం కొంచెంగా జరుగుతుంది. పొద్దున ఆఫీసు వైఫైలో ఒకసారి సరిచేసుకుంటే ఆ రోజుకి సరిపోతుంది.

ఆలస్యంగా వచ్చే నిజం

ఆ రెండు గడులు పెట్టిన మర్నాడే ఇంకో విషయం బయటపడింది. ఒక జట్టుకి ఎర్ర గీత మాటిమాటికీ వస్తోంది, ఫోన్ మాత్రం మెలకువగానే ఉంది. తేడా 4, 5 సెకన్లు.

దీని మూలం మేం ఎంచుకున్న రవాణాలో ఉంది. మొదట యూడీపీలో, అంటే పంపేసి, చేరిందో లేదో చూడకుండా వదిలేసే రవాణాలో, అందరికీ ఒకేసారి వెదజల్లే పద్ధతి పెట్టాను. ఒక ఫోన్‌లో అది రెండు ట్యాబ్‌లకీ అందింది, ఇంకో ఫోన్‌లో ఒక్కదానికీ అందలేదు. విసిగిపోయి అందర్నీ టీసీపీకి మార్చాను, వెంటనే కలిసింది, సంతోషించాను. టీసీపీ స్వభావం ఏమిటంటే, పంపింది ఏదీ పోకుండా, వరుస తప్పకుండా చేర్చడం. ఉత్తరాలకి అది గొప్ప గుణం. స్థానానికి కాదు. వైఫై కాస్త బలహీనపడి ఒక వాక్యం దారిలో పోతే, అది మళ్లీ చేరేదాకా వెనకవన్నీ క్యూలో ఆగుతాయి. నాలుగు సెకన్ల తర్వాత అన్నీ కలిసి వస్తాయి. అప్పుడు ట్యాబ్ మీద చుక్క మనం నాలుగు సెకన్ల కింద ఉన్న చోట ఉంటుంది. నడిచే మనిషికి అది ఐదారు మీటర్లు.

ఎంత ఆలస్యమో కొలవడానికి ఒక మోటు పరీక్ష చేశాం, ఎవరైనా చేసుకోవచ్చు. కట్ట మీద ఒక హద్దు రాయి ఎంచుకుని, మామూలు నడకలో దాన్ని దాటుతూ సరిగ్గా రాయి పక్కకి వచ్చినప్పుడు బిందువు నొక్కాలి. వెనక్కి తిరిగి వస్తూ మళ్లీ నొక్కాలి. ఆలస్యం లేకపోతే రెండూ దాదాపు ఒకే చోట పడాలి. ఉంటే, పోయేటప్పటిది వెనకబడుతుంది, వచ్చేటప్పటిది అటువైపు వెనకబడుతుంది. పదిసార్లు నడిచి సగటు చూస్తే మా బిందువుల మధ్య 11 మీటర్లు. అందులో సగం, సెకనుకి 1.3 మీటర్ల నడక, అంటే నాలుగు సెకన్లకు పైనే. తిరిగి యూడీపీకే వచ్చాం, ఈసారి వెదజల్లకుండా రెండు ట్యాబ్‌ల అడ్రస్‌లూ విడివిడిగా ఇచ్చి. పోయిన వాక్యం పోతుంది, మరుసటి సెకను కొత్తది వస్తుంది. 11 మీటర్లు 3కి దిగింది. ఆ హద్దు రాయి దగ్గర మేం ఇరవైసార్లు అటూ ఇటూ నడవడం చూసి గొర్లు కాసే పెద్దాయన ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు.

నీరటి తాత

ఇక అసలు తప్పు. దీన్ని ఏ గడీ పట్టుకోలేదు.

ఒక చెరువు దగ్గర ఊరి నీరటి మాకు దారి చూపించాడు. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడటం ఆయన ఇంటి పని, తాతల నాటిది. డెబ్బై దాటి ఉంటాయి. మమ్మల్ని తూము లోపలి నోటి దాకా, చెరువు గర్భంలోకి దింపి చూపించాడు. మళ్లీ కట్ట ఎక్కాక కుర్రాడు ఉపగ్రహ చిత్రం మీద తమ బిందువులు పెట్టి "తాతా, చూడు, నీ చెరువు" అని ట్యాబ్ ఆయన చేతికిచ్చాడు. ఆయన కళ్లకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది కట్ట. గిది రావిచెట్టు. తూమేది బిడ్డా?"

"గిదే తాతా."

"గది కట్ట మీదున్నది కదా. నేను మిమ్ముల లోపలికి దింపితి. ఉత్తగనేనా?"

లోపలి నోరు కట్ట నడుమ నుంచి పాతిక మీటర్లు చెరువులోకి ఉంటుంది. మా బిందువు కట్ట నడిమి గీత మీద ఉంది. టైము తేడా ఒక్క సెకను. ఉపగ్రహాలు 15. అంతా పచ్చే. ఫోన్ ఎక్కడుందని అడిగాను. కుర్రాడు తల గోక్కున్నాడు. ఫోన్ బ్యాగులో ఉంది, బ్యాగు కట్ట మీద రావిచెట్టు కింద ఉంది. వాలు దిగడానికి బరువెందుకని పెట్టి వెళ్లాడు. పాతిక మీటర్ల దాకా హాట్‌స్పాట్ హాయిగా అందుతుంది. ట్యాబ్ అబద్ధం చెప్పలేదు, ఫోన్ ఎక్కడుందో సరిగ్గానే చెప్పింది.

హాట్‌స్పాట్ ఎంత దూరం అందితే అంత మంచిదని అప్పటిదాకా అనుకున్నాను. ఈ పనికి అది తిరగేసి ఉండాలి. పది మీటర్లకే తెగిపోయే బ్లూటూత్ అయితే కుర్రాడికి అప్పుడే తెలిసిపోయేది. హాట్‌స్పాట్ బలం తగ్గించే సెట్టింగ్ ఆ ఫోన్లలో లేదు. కాబట్టి మనిషి పద్ధతే మార్చాం. ఫోన్‌కి తాడు కట్టి మెళ్లో వేసుకోవాలి, ఆ మనిషి తూము మీద నిలబడ్డాకే పక్కవాళ్లు నొక్కాలి. నొక్కేముందు ఫారంలో ఒక ప్రశ్న: "ఫోన్ వస్తువు దగ్గరే ఉందా?" అవును, లేదు. లేదంటే ఎన్ని అడుగులు, ఏ దిక్కు. పేలవంగా కనిపిస్తుంది గానీ, అప్పటిదాకా తీసిన చెరువుల్లో బ్యాగు కట్ట మీద పెట్టి దిగిన సందర్భాలు ఎన్నో జట్లను కూర్చోబెట్టి అడిగితే ఏడు తేలాయి. ఫొటోల్లో బ్యాగు కనిపించిన వాటిని బట్టి ఇంకో రెండు.

బ్యాగు గురించి ఇంకో మాట. స్టీలు టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా మధ్య ఇరుక్కున్న ఫోన్‌కి ఆకాశం సగం మూసుకుపోతుంది. మెళ్లో వేసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ కూడా పోయింది. ఎండకి ఫోన్ కాలిపోవడం మాత్రం పోలేదు. హాట్‌స్పాట్, జీపీఎస్ రెండూ నడుస్తుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. జట్టుకో పవర్ బ్యాంకు, ఫోన్ మీద తెల్ల రుమాలు.

రెండు ట్యాబ్‌లు, 75 మీటర్ల తేడా

ఎత్తుల సంగతి. సర్వేలో ఎత్తు అడగనే లేదు, కానీ యాప్ తనంతట తాను రాసుకుంటుంది. సంస్థలో ఇంజినీరింగ్ చదివిన మేడమ్ ఒకరు ఆ అంకెలు చూసి కంగారుపడ్డారు. పక్కపక్కనే ఉన్న రెండు చెరువుల్లో ఒకటి 381 మీటర్లు, ఇంకోటి 306. అలుగు నీళ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పారుతున్నట్టు?

వేర్వేరు జట్లు, వేర్వేరు యాప్‌లు. పై వాక్యంలో చివరి అంకెలు గుర్తున్నాయా, 381.2, ఆ పక్కన -75.1? మొదటిది సముద్ర మట్టం నుంచి ఎత్తు. జీపీఎస్ నిజానికి లెక్కగట్టేది దీన్ని కాదు, భూమిని నున్నటి గుండులా ఊహించుకుని దాని ఉపరితలం నుంచి ఎత్తు. మన దేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో భూమి ఆకర్షణ తక్కువగా ఉన్న పెద్ద పల్లం ఒకటి ఉంది. అక్కడ సముద్ర మట్టం ఆ ఊహా గుండు కన్నా వంద మీటర్లకు పైగా కింద ఉంటుంది. ఆ పల్లం అంచు మన దాకా పాకుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల తేడా దాదాపు 75 మీటర్లు. ఫోన్ చిప్ స్వయంగా రాసిన వాక్యాల్ని ఉన్నదున్నట్టు పంపే యాప్‌లో ఈ సవరణ చేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఇచ్చే స్థానాన్ని తీసుకుని తనే వాక్యం కట్టే యాప్‌లో, అది రాసినవాళ్లు జాగ్రత్తపడకపోతే, గుండు ఎత్తే సముద్ర మట్టం గడిలో కూర్చుంటుంది. 381 నుంచి 75 తీస్తే 306.

మూడు జట్లకీ ఒకే యాప్ పెట్టించాం. అయినా మేడమ్‌తో ఖచ్చితంగా చెప్పాను, ఈ ఎత్తులతో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం, తేల్చే ఆలోచన పెట్టుకోవద్దని. ఫోన్‌కి అడ్డంగా కన్నా నిలువుగా తప్పు ఎక్కువ. అలుగు, కట్ట మధ్య తేడా మీటరు, మీటరున్నర ఉండే చోట ఆ అంకె పనికిరాదు. దానికి లెవెల్ పరికరం పెట్టి కొలవాల్సిందే.

0.8 మాట కూడా ఇక్కడే. అది హెచ్‌డీఓపీ, ఆకాశంలో ఉపగ్రహాలు ఎంత చక్కగా పరుచుకున్నాయో చెప్పే అంకె. మీటర్లు కాదు. ఒక కుర్రాడు రిపోర్టులో "ఖచ్చితత్వం 0.8 మీ." అని గర్వంగా రాశాడు. ఆరుబయట మామూలు ఫోన్ దగ్గర దగ్గర ఐదు మీటర్ల లోపు చెప్తే గొప్ప. ఫోన్ తన మ్యాపులో చూపించే మీటర్ల అంచనా ఎన్‌ఎంఈఏలో జీఎస్‌టీ అనే వేరే వాక్యంలో రావాలి, అది మా ఫోన్ల నుంచి రాలేదు. దాంతో ట్యాబ్‌లో ఆ గడి ఖాళీ. ఖాళీ గడి చూస్తే ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది కదా, 0.8 అలా దూరింది.

పాస్‌వర్డ్ లేని హాట్‌స్పాట్ పెట్టొద్దని కూడా చెప్పాను. ఈ వాక్యాలకి తాళం ఉండదు, నెట్‌వర్క్‌లో కలిసిన ఎవరికైనా మనం ఎక్కడున్నామో సెకను సెకనుకీ అందుతుంది. చెరువు కట్ట మీద ఎవరు చూస్తారని నవ్వారు, అయినా పాస్‌వర్డ్ పెట్టుకున్నారు.

మళ్లీ వెళ్లిన చెరువులు

మే చివరికి జట్లకి పని చేతికి పట్టింది. పొద్దున గడియారం, గేట్‌వే, హద్దు రాయి నడక ఒకసారి, మొత్తం పది నిమిషాలు. ఆ తర్వాత తీసిన డేటాలో పారేయాల్సింది దాదాపు ఏమీ లేదు. ఇంకోసారి నన్నడిగితే ఇదే ఏర్పాటు చెప్తానా? ట్యాబ్‌లు అప్పటికే కొనేసి ఉంటే చెప్తాను. కొనకముందు అడిగితే, చిప్ ఉన్నవే కొనమంటాను. ట్యాబ్‌లోనే చిప్ ఉంటే మేం పడ్డ పాట్లలో సగానికి పైగా పుట్టేవే కావు.

బ్యాగు కట్ట మీద ఉండిపోయిన తొమ్మిది చెరువులకీ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది నీరటి తాత చెరువు, దూరమని చివరికి పెట్టుకున్నారు. జూన్ రెండో వారంలో అక్కడికి వెళ్లేసరికి ముందు రాత్రి పెద్ద వాన పడి పై చెరువు అలుగు పారింది. తూము లోపలి నోరు నీళ్లలో ఉంది. కుర్రాడు మెళ్లో ఫోన్ వేసుకుని కట్ట అంచున నిలబడ్డాడు. తాత అటు చెయ్యి చాపి చూపించాడు, రాతి స్తంభం కొన మాత్రం నీళ్ల మీదకి జానెడు కనిపిస్తోంది. ఆ వరుసలో ఇప్పటికీ పాత బిందువే ఉంది. పక్కన గడిలో రాసింది: ఫోన్ కట్ట మీద, తూము నైరుతికి సుమారు 80 అడుగులు.